ఇంటర్‌ ఫెయిలయ్యారా?.. మీకు మీరు చెప్పుకునే మాటే కీలకం!

రిజల్ట్స్ రోజు ఇద్దరు ఫెయిలయ్యారనుకోండి. ఒకరు ‘ఈసారి మ్యాథ్స్ పోయింది’ అనుకుంటారు. ఇంకొకరు ‘నేనెందుకూ పనికిరాను’ అనుకుంటారు. మార్కులు ఒకటే.. మాటే తేడా! ఆశావాదం ఉన్నది ఇక్కడే అంటారు అమెరికా సైకాలజిస్ట్ మార్టిన్ సెలిగ్మన్. ఆశావాదులకు ఓటమి తాత్కాలికం, ఆ ఒక్క విషయానికే పరిమితం. నిరాశావాదులకు అదే జీవితాంతం ఉండిపోయేదిలా కనిపిస్తుంది. ఇది పుట్టుకతోనే రావాలనేం లేదు.. నేర్చుకోవచ్చు. విచిత్రం ఏంటంటే, తానూ స్వతహాగా నిరాశావాదినేనని సెలిగ్మనే చెప్పుకున్నారు!

మరి ఎలా? ‘పనికిరాను’ అనిపించగానే ఆ మాటతోనే వాదనకు దిగాలి. టెన్త్ పాసైంది ఎవరు? మిగతా సబ్జెక్టులు గట్టెక్కింది ఎవరు? ఏపీ, తెలంగాణ రెండుచోట్లా సప్లిమెంటరీ ఉంది కదా! పేరెంట్స్.. ‘నీ వల్ల కాదు’ అనేముందు ఒక్క క్షణం ఆగండి. అయినా మనసు బరువుగానే ఉంటే 14416కు కాల్ చేయండి. అది కేంద్రం నడిపే టెలి మానస్.. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు.