మంచు బొమ్మలో నీలం రంగు ఎందుకు?



హైదరాబాదులో జూబ్లీహిల్స్ పక్కన రహమత్ నగర్ అనే బస్తీ ఉన్నది. మా మామయ్య అక్కడ కిరాయికి ఉండి, సినిమా సెట్టింగులకు రంగులు వేస్తాడు. ఎండాకాలం సెలవుల్లో నేను పోయినప్పుడు పెద్ద గుడ్డ మీద ఒక రాజభవనం గీస్తున్నాడు. దాని కప్పు మీద, మెట్ల మీద మంచు పడి ఉన్నది. మంచు నీడల్లో ఆయన నీలం రంగు పెట్టాడు.

"మంచు తెల్లగ ఉంటది కద మామా, ఇది కూడా తెల్వదా?" అని నవ్వాను. మామయ్య బడికి పోలేదు. "కోడలా, అంతా తెలుపే పూస్తే సున్నం కొట్టిన గోడ అయితది" అని తన పని తాను చేసుకున్నాడు.

మొన్న కాంతి పాఠం చదివాక నాకు అర్థమైంది.

మనం పొగమంచునూ మంచే అంటాం, గడ్డి మీది బిందువులనూ మంచే అంటాం. అవి నీటి చుక్కలు. హిమాలయాల్లో ఆకాశం నుండి రాలే మంచు వేరు. అది గడ్డకట్టిన చిన్న చిన్న స్ఫటికాలు. వాటికి ఎక్కువగా ఆరు కోణాలుంటాయి. ఒక్క స్ఫటికానికి రంగు లేదు, గాజు లాంటిది. కాని లక్షల స్ఫటికాలు కుప్పపడితే వాటి అంచులకు తగిలి వెలుతురు అన్ని వైపులా చెదురుతుంది. అన్ని రంగులూ కలిసి కంటికి చేరితే తెలుపు.

నమ్మకపోతే వంటగదిలో కల్లుప్పు గడ్డను వెలుతురుకు పెట్టి చూడండి. కొంచెం వెలుతురు లోపలి నుండి వస్తుంది. నూరితే తెల్లటి పొడి అవుతుంది. కారణం ఒక్కటే.

మరి నీలం? ఎండ కాసే రోజున నీడపట్టుకు సూర్యుని వెలుగు నేరుగా అందదు. నీలి ఆకాశం వెలుగే పడుతుంది. తెల్లని మంచు ఏ వెలుగు పడితే ఆ రంగు చూపిస్తుంది. అంటే మామయ్యే కరెక్టు.

1939లో అమెరికాలో విడుదలైన 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' సినిమాలో మంచు కోసం ఆస్బెస్టాస్ చల్లారని చెప్తారు. పాత సిమెంటు రేకుల్లో కలిపేది అదే. దాని ధూళి పీల్చితే క్యాన్సర్ రావచ్చు. బొమ్మలోని మంచుతో ఆ బాధ లేదు.

ఇప్పుడు ఇలాంటి బొమ్మలు కంప్యూటర్లోనే చేస్తున్నారు. మామయ్యకు పని తగ్గింది. ఆయన మంచును ఎన్నడూ చూడలేదు. ఒక పాత క్యాలెండరు బొమ్మను చూసి చూసి నేర్చుకున్నాడు. సంక్రాంతికి వస్తే, నేను నవ్వింది తప్పని చెప్తాను.

- తొమ్మిదవ తరగతి విద్యార్థిని