కథ యేల?

నంద్యాల, ఆళ్లగడ్డ సీమలవారిలో మహానందికి పోనివారరుదు. నల్లమల పాదమున పుట్టిన జలము కోనేటినిండ నిర్మలముగ నిలిచి, ఆలయము వెడలి, అరటితోటలకును వరిమళ్లకును పారుచుండును. యాత్రికుడు స్నానముచేసి సేదదీరియు నూరకుండడు. లింగముపైని ఆవుగిట్ట గుర్తు ఏమని ప్రక్కవానిని ప్రశ్నించును. అంతట పుట్టపై పాలు కురిసిన గోవు కథ మొదలగును. దాహము తీరిన పిదపను మనుష్యునకు మరియొక దాహము మిగిలియే యుండును.

కథలు పొద్దుపోనివారి కాలక్షేపమని తలచు పెద్దలు మనలో పెక్కురు గలరు. వారితో మేమేకీభవింపజాలము. ఈ సీమ చరిత్రమునే పరికింతము.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంపిణీ ప్రభుత్వముపై తిరుగబడెను. పాళెగార్ల భరణములు తగ్గుటయు, కట్టుబడి బంట్ల మాన్యములు లాగికొనబడుటయు ఆ యలజడికి ముఖ్యకారణములు. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఆయనను బహిరంగముగ నురితీసిరి. శిరస్సును కోటపై వ్రేలాడగట్టి 1877 వరకు నుంచిరి. ప్రభువున కెదురు నిలిచినవాని గతి యిదియని దొరతనమువారు ముప్పదియేండ్లు జనులకు చెప్పజూచిన కథ యది. జనులు దానిని నమ్మలేదు. తంబురా మీటుచు, గుమ్మెట వాయించుచు పల్లెపల్లెకు తిరిగిన గాయకులు వేరొక కథ చెప్పిరి. సర్కారు కాగితములలో ద్రోహియైనవాడు పాటలో వీరుడయ్యెను. 2019లో ఆ వీరుని కథ చలనచిత్రముగ గూడ వెలువడినది. కోటగుమ్మముపైని శిరస్సు మాయమైనది, పాట నిలిచినది.

కత్తిపట్టినవారినే జనులు పాడిరని తలపరాదు. ఆ యుయ్యాలవాడకే చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి క్షామమున ఆకలిగొన్నవారికి అన్నము పెట్టెను. ఆయనపైనను పాట పుట్టెను. ఆ కరవున గాదెలకు తాళములు వేసికొన్నవారిని ఎవరు పాడిరి? భూస్వాములైన మా పాఠకులు ఈ ప్రశ్నను ఒకింత యోచింతురుగాక.

ఆళ్లగడ్డ చెంతనున్న అహోబిలమును చూడుడు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనను కథవలన అడవిలోని చెంచులు దేవునికి బంధువులైరి. పారువేట ఉత్సవమున స్వామి పల్లకినెక్కి నలుబది దినములు ఊరూర తిరిగి తన కల్యాణమునకు తానే జనులను పిలుచుకొనును. చట్టములు కూర్పజాలని చుట్టరికమును కథ కూర్చినది. ఈ క్షేత్రమహిమయే పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ చేతిలో నృసింహపురాణమై వెలసెను. పండితుని కావ్యమునకును పామరుని పాటకును ఊట యొక్కటియే.

ఏమి జరిగెనో దస్తావేజులు చెప్పును. జరిగినదానిని జనులు న్యాయమని తలచిరో, అన్యాయమని తలచిరో సాహిత్యమే చెప్పును. అది లేని జాతి తన్ను గూర్చి ఇతరులు వ్రాసినదానినే సత్యమని నమ్మవలసివచ్చును.

అయితే నోటిపాట వినువాడుండునంతవరకే బ్రతుకును. కళ్లమువద్ద గాయకునకు చేటెడు గింజలు పోయు నాచారము సన్నగిల్లినది. పాట తెలిసిన వృద్ధులును తరిగిపోవుచున్నారు. కాలువ పూడినచో మహానంది నీరైనను మడికి చేరదుగదా! ఇందులకు గొప్ప వ్యయము వలదు. నేడు చేతిలోని ఫోనే గొంతును పట్టి దాచగలదు. ఈ సుగ్గికైనను మీ యూరి గాయకుని పిలిచి, పిల్లలను ముందు కూర్చుండబెట్టి, పాటను తుదివరకు విని వ్రాసికొనుడు.