పెరటి మొక్కలకు ఉడుతల నుండి రక్షణ

పెరటి మొక్కలకు ఉడుతల నుండి రక్షణ అనగా ఇంటి పెరటిలోను, మిద్దెపైన, కుండీలలోను పెంచే మొక్కల విత్తనాలు, మొలకలు, మొగ్గలు మరియు కాయలు ఉడుతల వలన పాడవకుండా తీసుకొనే జాగ్రత్తలు. తోటలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో ఉడుతలను పూర్తిగా తరిమివేయడం సాధ్యం కాదు. ఒకటి పోయినచో ప్రక్క చెట్టు నుండి మరొకటి వస్తుంది. కాని ఏ మొక్క అయినా ఏడాది పొడవునా ఉడుతను ఆకర్షించదు. విత్తనం నాటిన తరువాత రెండు మూడు వారాలు, కాయ పక్వానికి వచ్చే కొద్ది రోజులు మాత్రమే ప్రమాదకరమైన దశలు. ఆ దశలను గుర్తించి, అప్పటి వరకు గట్టి అడ్డు కల్పించడమే ఈ రక్షణలోని ముఖ్య సూత్రం.

చింతలపూడి ప్రాంతం

చింతలపూడి ఏలూరుకు ఉత్తరాన, తెలంగాణ సరిహద్దుకు సమీపంలో ఉన్న మెట్ట ప్రాంతపు పట్టణం మరియు మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినపుడు చింతలపూడి పశ్చిమ గోదావరి జిల్లా నుండి, మామిడికి ప్రసిద్ధి చెందిన నూజివీడు కృష్ణా జిల్లా నుండి అందులో చేరాయి. ఈ ప్రాంతమంతటా మామిడి, కొబ్బరి, ఆయిల్ పామ్, జీడిమామిడి తోటలు విస్తారంగా ఉన్నాయి. కొబ్బరి మరియు ఆయిల్ పామ్ చెట్ల నీడలో కోకోను అంతరపంటగా వేస్తారు. మామిడిలో బంగినపల్లి, కలెక్టర్ (తోతాపురి), చిన్న రసాలు, పెద్ద రసాలు ముఖ్యమైన రకాలు.

ఉడుతకు కావలసిన గూడు, ఆహారం, రాకపోకలకు కొమ్మల దారి ఈ తోటలలో పుష్కలంగా లభిస్తాయి. ఊరి ఇళ్లలో కూడా మామిడి, జామ, కొబ్బరి, సపోటా చెట్లు ఉండడం వలన తోటకు, పెరటికి మధ్య ఎడమ ఉండదు. పట్నపు మిద్దె తోటలలో పాటించే పద్ధతులు కొన్ని ఇక్కడ పనిచేయకపోవడానికి ఇది ఒక కారణం.

ఉడుత స్వభావం

దక్షిణ భారతదేశంలోను, శ్రీలంకలోను సాధారణంగా కనిపించేది మూడు చారల ఉడుత. దీని శాస్త్రీయ నామం ఫునాంబులస్ పామేరం. 1766లో లిన్నేయస్ దీనిని వర్ణించాడు. ఉత్తర భారతదేశంలో ఎక్కువగా కనిపించే అయిదు చారల ఉడుత (ఫునాంబులస్ పెన్నాంటీ) దీనికి దగ్గరి బంధువు. పాపికొండల అడవులలో నివసించే పెద్ద ఉడుత వేరొక జాతి; అది ఇళ్ల పెరళ్లకు రాదు.

ఎదిగిన మూడు చారల ఉడుత సుమారు 100 గ్రాముల బరువు ఉంటుంది. గర్భధారణ కాలం సుమారు 34 రోజులు. ఒక ఈతకు సాధారణంగా రెండు లేక మూడు పిల్లలు పుడతాయి. పిల్లలు సుమారు పది వారాలకు పాలు మానివేస్తాయి. రక్షణ పద్ధతులను ఎంచుకొనడానికి ఉడుత గురించి మూడు విషయాలు తెలియాలి.

* ఇది పగటిపూట తిరిగే జంతువు. ఉదయం మరియు సాయంత్రపు వేళలలో చురుకుగా ఉంటుంది. రాత్రి జరిగిన నష్టం ఉడుత వలన జరిగినది కాదు.
* ఎలుకల వలె దీని ముందరి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అరగడానికి ఏదో ఒకటి కొరుకుతూ ఉండాలి. అందువలన నైలాను వల, పలుచని ప్లాస్టిక్ జాలీ, గుడ్డ దీనిని ఎక్కువ కాలం ఆపలేవు.
* గూటి కొరకు పీచు, దూది, గుడ్డ పేలికలు, గడ్డి సేకరిస్తుంది. వ్రేలాడే కుండీలలో అమర్చే కొబ్బరిపీచు పొరను పీకివేయడం దీనివల్లనే జరుగుతుంది.

పండ్లు, గింజలు, మొగ్గలు, లేత చిగుళ్లతో పాటు పురుగులను, పక్షి గుడ్లను కూడా ఉడుత తింటుంది.

నష్టాన్ని గుర్తించడం

పెరటిలో కాయ కొరికివేయబడి కనిపించినపుడు ముందుగా అది ఏ జీవి పనియో తెలుసుకొనాలి. ఉడుత కొరకు కట్టిన జాలీ పండు ఈగను ఆపదు. పండు ఈగ కొరకు కట్టిన కాగితపు సంచి ఉడుతను ఆపదు.

* ఉడుత: కాయ చెట్టుకు ఉండగానే ఒక ప్రక్క గుంటగా తొలిచి తింటుంది. గుంట అంచున సన్నని పంటి గాట్లు జంటగా కనిపిస్తాయి. నష్టం పగలు జరుగుతుంది.
* ఎలుక: రాత్రి వేళ వస్తుంది. కోకో కాయలలో ఈ రెండింటి తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎలుక తొడిమ దగ్గర కొరుకుతుంది, ఉడుత కాయ మధ్య భాగంలో తొలుస్తుంది.
* గబ్బిలం: రాత్రి పండిన కాయను తిని, నమిలిన పిప్పిని చెట్టు క్రింద ఉమ్మివేస్తుంది.
* రామచిలుక: ముక్కుతో త్రిభుజాకారంగా చీల్చి, కొద్దిగా తిని వదలివేస్తుంది.
* పండు ఈగ: పైన సూదిమొన వంటి గాటు మాత్రమే ఉంటుంది. లోపల పురుగులు కనిపిస్తాయి.

కుండీలు మరియు నారుమడులు

కుండీలలో జరిగే నష్టం ఎక్కువగా మట్టిని తవ్వడం వలన కలుగుతుంది. కొత్తగా తవ్విన, వదులుగా ఉన్న తడిమట్టిలో గింజలు ఉంటాయని ఉడుత వెదుకుతుంది. చిక్కుడు, బీర, కాకర, వేరుశనగ, మొక్కజొన్న వంటి పెద్ద గింజలు దీనికి ఇష్టమైనవి. గింజ దొరకకపోయినా తవ్వినపుడు లేత మొక్కల వేళ్లు పైకి వచ్చి ఎండిపోతాయి.

దీనికి చవకైన, నమ్మకమైన అడ్డు అర అంగుళం (సుమారు 13 మి.మీ.) కన్నులు గల ఇనుప జాలీ. వ్యాపారులు దీనిని వెల్డ్ మెష్ అంటారు. జాలీని కుండీ మూతి కంటె కొంచెము పెద్దదిగా కత్తిరించి, బుట్ట వలె వంచి, విత్తనం నాటిన కుండీపై బోర్లించి అంచులను తీగతో బిగించాలి. మొక్కకు నాలుగైదు నిజమైన ఆకులు వచ్చి, కాండం గట్టిపడిన తరువాత జాలీ తీసివేయవచ్చును. అంగుళం కన్నులు గల జాలీలో చిన్న ఉడుతలు దూరే అవకాశం ఉన్నది.

ఎదిగిన మొక్కలు ఉన్న కుండీలలో మట్టి ఉపరితలాన్ని గులకరాళ్లతోగాని, పగిలిన పెంకులతోగాని, కొబ్బరి చిప్ప ముక్కలతోగాని కప్పినచో తవ్వడం తగ్గుతుంది. ఈ పొర తేమను కూడా నిలుపుతుంది. ఎరువు విషయంలోను జాగ్రత్త అవసరం. వేరుశనగ చెక్కను మట్టిపై చల్లినచో దాని వాసనకు ఉడుతలు, ఎలుకలు, పందికొక్కులు వస్తాయి. దానిని నీటిలో పులియబెట్టి పలుచగా పోయడమో, బాగా చివికిన పశువుల ఎరువు లేక వేపచెక్క వాడడమో మేలు.

పెరటి కాయలు

కాయల విషయంలో జాలీ కంటె ముందు ఆలోచించవలసినది కోత సమయం. కొన్ని పండ్లు చెట్టు నుండి కోసిన తరువాత కూడా పండుతాయి, కొన్ని పండవు. రక్షణ పద్ధతి ఈ భేదంపై ఆధారపడి ఉంటుంది.

కోసిన తరువాత పండేవి: మామిడి, సపోటా, సీతాఫలం, బొప్పాయి, అరటి, టమాటా. వీటిని పక్వానికి వచ్చిన వెంటనే, రంగు తిరిగి వాసన రాకముందే దించి ఇంట్లో మాగబెట్టవచ్చును. ఉడుతను ఆకర్షించేది పండిన వాసన, మెత్తదనం. మామిడి భుజాలు నిండి, తొడిమ దగ్గర పల్లము పడినపుడు చిక్కంతో కోసి వరిగడ్డిలో మాగవేస్తారు. సీతాఫలాన్ని కళ్లు విచ్చి, వాటి మధ్య చాళ్లు తెల్లబడినపుడు కోస్తారు. టమాటాను అడుగు భాగంలో లేత గులాబి రంగు కనిపించగానే కోసినచో రుచిలో పెద్దగా తేడా ఉండదు.

కోసిన తరువాత పండనివి: దానిమ్మ, ద్రాక్ష, నిమ్మ జాతి పండ్లు. ఇవి చెట్టుమీదనే పూర్తిగా పండాలి. నిమ్మకాయ జోలికి ఉడుతలు అంతగా రావు. దానిమ్మకు మాత్రం రక్షణ తప్పనిసరి. ఒక్కొక్క కాయకు సన్నని ఇనుప జాలీతో సంచి వలె చుట్టి, కొమ్మకు గాయం కాకుండా మెత్తని తాడుతో కట్టాలి. నూజివీడు ప్రాంతంలో మామిడి కాయలకు తొడిగే కాగితపు కవర్లు పండు ఈగ నుండి, మచ్చల నుండి కాపాడి మంచి రంగు తెస్తాయి. కాని ఉడుత వాటిని సులభంగా చింపగలదు.

వేసవిలో ఉడుత కాయలను కొరకడానికి ఆకలితో పాటు దాహం కూడా కారణమవుతుంది. బిందు సేద్యపు గొట్టాలను కొరకడం కూడా ఈ కాలంలో కనిపిస్తుంది. మొక్కలకు దూరంగా మట్టిమూకుడులో నీరు పెట్టి రోజూ మార్చడం వలన ఈ బెడద కొంతవరకు తగ్గవచ్చును. ఆహారం మాత్రం పెట్టరాదు. అది ఉడుతలను అక్కడికి అలవాటు చేస్తుంది.

కొబ్బరి మరియు కోకో

కొబ్బరి చెట్టు ఎక్కే ఎలుకలను ఆపడానికి నేల నుండి 2 మీటర్ల ఎత్తులో సుమారు 40 సెం.మీ. వెడల్పు గల రేకును మాను చుట్టూ పట్టీ వలె కట్టడం పాత పద్ధతి. నున్నని రేకుపై గోళ్లు పట్టు చిక్కవు. ఇదే పద్ధతి ఒంటరిగా ఉన్న చెట్టుకు ఉడుతల విషయంలోను కొంత ఉపయోగపడుతుంది. అయితే చెట్టు మట్టలు ప్రక్క చెట్టునుగాని, ఇంటి కప్పునుగాని, కరెంటు తీగనుగాని తాకుతూ ఉన్నచో రేకు కట్టి ప్రయోజనం లేదు. ఉడుత క్రిందినుండి కాక పైనుండి వస్తుంది. కొమ్మలను కత్తిరించి ఎడమ కల్పించిన తరువాతనే పట్టీ కట్టాలి. కరెంటు తీగల దగ్గరి కొమ్మలను విద్యుత్ సిబ్బంది చేత మాత్రమే కొట్టించాలి.

కోకోలో ఉడుత తొలిచిన కాయలోని గింజలు పాడైపోతాయి కనుక రైతుకు నేరుగా నష్టం కలుగుతుంది. ఉడుతలు, ఎలుకలు ఎక్కువగా పండిన కాయలనే ఆశిస్తాయి. కాయ రంగు మారడం మొదలుకాగానే ఆలస్యం లేకుండా కోయడం మొదటి జాగ్రత్త. తక్కువ చెట్లు ఉన్నచోట రంధ్రాలు చేసిన పాలిథీన్ సంచులను కాయలకు తొడుగుతారు.

వాసనలు, బెదిరింపులు

మిరపకారం కలిపిన నీటిని చల్లడం ఇళ్లలో తరచుగా చేసే ప్రయత్నం. దీనికి శాస్త్రీయ ఆధారం కలదు. మిరపలోని కాప్సైసిన్ అను పదార్థం క్షీరదాల నోటిలోని ఒక గ్రాహకాన్ని తాకి మంట పుట్టిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. జూలియస్ కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. పక్షులలోని గ్రాహకం కాప్సైసిన్ కు స్పందించదని 2002లో తేలింది. అందువలన కారం ఉడుతకు మంట కలిగిస్తుంది, చిలుకకు కలిగించదు. అయితే వానకు, నీరు పోసినపుడు అది కొట్టుకొనిపోతుంది. మళ్లీ మళ్లీ చల్లాలి. చల్లేవారి కళ్లకు కూడా ప్రమాదం. కాబట్టి ఇది జాలీకి తోడే గాని బదులు కాదు.

దిష్టిబొమ్మలు, మెరిసే రిబ్బన్లు, పాత సి.డి.లు కొద్ది రోజులు బెదిరిస్తాయి. హాని లేదని తెలిసిన తరువాత ఉడుతలు వాటిని లెక్కచేయవు. కుండీలలో నాఫ్తలీన్ ఉండలు వేయడం మంచిది కాదు. వాటిని మ్రింగిన పిల్లలకు, ముఖ్యంగా ఒక ఎంజైము లోపం పుట్టుకతో ఉన్నవారికి, ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై ప్రాణాపాయం కలగవచ్చును.

విషం ఎందుకు కూడదు

ఎలుకల కొరకు అమ్మే జింకు ఫాస్ఫైడు కడుపులో ఫాస్ఫీన్ అను విషవాయువును విడుదల చేస్తుంది. బ్రోమాడియోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. దానిని తిన్న జంతువును తిన్న గుడ్లగూబలకు, పిల్లులకు కూడా ఆ విషం సోకవచ్చును. పురుగుమందు గుళికలను అరటిపండులో పెట్టి ఉంచడం మరింత ప్రమాదం. పెరటిలో పడి ఉన్న పండును ముందుగా అందుకొనేది పసిపిల్లలు కావచ్చును. ఇట్టి గుళికలలో ఒకటైన ఫోరేట్ 2020 డిసెంబరు 31 నుండి భారతదేశంలో నిషేధించబడింది. జిగురు అట్టలకు అంటుకొన్న జంతువు చాలాసేపు బాధపడి చనిపోతుంది. అనవసరమైన క్రూరత్వంతో జంతువును చంపడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

బోనులో పట్టి దూరంగా వదలివేయడం కూడా మంచి మార్గం కాదు. ఖాళీ అయిన చోటికి మరొక ఉడుత వస్తుంది. పట్టినది తల్లి అయినచో గూటిలోని పిల్లలు ఆకలితో చనిపోతాయి.

సంస్కృతిలో

తెలుగువారికి ఉడుత పట్ల గల ఆదరానికి రామాయణ కథ మూలం. సేతువు కట్టే సమయంలో ఇసుక చేరవేసిన ఉడుత వీపును రాముడు నిమరగా చారలు ఏర్పడినవని ప్రతీతి. ఈ కథ వాల్మీకి రామాయణంలో లేదు. 13వ శతాబ్దపు రంగనాథ రామాయణంలో కనిపిస్తుంది. శక్తికొలది చేసే చిన్న సాయాన్ని ఉడుతా భక్తి అనడం దీని నుండి వచ్చినదే. కాయలు పోతున్నా ఉడుతను చంపడానికి పల్లెలలో చాలామంది వెనుకాడడానికి ఈ నమ్మకం ఒక కారణం.

ఇతర దేశాలలో

ఉడుతను కొత్త చోటికి తీసుకొనిపోవడం వలన కలిగే ఇబ్బందులకు చరిత్రలో ఉదాహరణలు ఉన్నాయి. 1876లో ఇంగ్లాండులో వదలిన అమెరికా బూడిదరంగు ఉడుతలు విస్తరించి అక్కడి ఎర్ర ఉడుతలు తగ్గిపోవడానికి కారణమైనాయి. భారతదేశపు అయిదు చారల ఉడుత 1898లో ఆస్ట్రేలియాలోని పెర్త్ జంతుప్రదర్శనశాల నుండి బయటి ప్రాంతానికి వ్యాపించింది. చింతలపూడి తోటలలోని ఉడుత అటువంటి వలస జీవి కాదు. డేగ, ముంగిస, జెర్రిపోతు వంటి సహజ శత్రువుల మధ్య ఇక్కడనే మనుగడ సాగిస్తున్నది. కనుక ఇక్కడ కావలసినది దానిని నిర్మూలించడం కాదు, మొక్కకు అవసరమైన కొద్ది వారాలు అడ్డు కట్టడం.

ఇవి కూడా చూడండి

* ఉడుత
* మామిడి
* కోకో
* చింతలపూడి
* నూజివీడు