పాత స్పీకర్లు, వాటికి తగిన యాంప్లిఫయర్

ఇవాళ పాత స్పీకర్ల గురించి మాట్లాడుకుందాం. ఘంటసాల భగవద్గీత, బాలమురళి కచేరీలు, పాత సినిమా పాటలు... ఇండియా నుంచి మోసుకొచ్చిన ఎల్పీ రికార్డులు చాలామంది ఇళ్ళల్లో బేస్‌మెంటులో పడున్నాయి. వాటిని బాగా వినాలంటే వేలకు వేలు పోయనక్కర్లేదు. గరాజ్ సేల్స్‌లో, ఎస్టేట్ సేల్స్‌లో 1960లు, 70ల నాటి మంచి సరుకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. తెలిసి కొనాలి, అంతే.

ముందు కొంచెం చరిత్ర. 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టారు. అప్పటిదాకా బేస్ బాగా వినపడాలంటే బీరువా అంత పెట్టె కావాల్సి వచ్చేది. విల్చర్ పెట్టెని గాలి చొరబడకుండా మూసేసి, లోపలున్న గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. దాంతో పుస్తకాల అలమరలో పట్టే పెట్టెలోంచి కూడా లోతైన బేస్ వచ్చింది. తర్వాత క్లాస్ బయటికొచ్చి కే.ఎల్.హెచ్., ఆ తర్వాత అడ్వెంట్ కంపెనీల్లో అదే పద్ధతి కొనసాగించాడు. ఇవాళ తక్కువ డబ్బుకి వెతకాల్సినవి ఎక్కువగా ఈ కుటుంబానివే.

అయితే ఆ చిన్న పెట్టెకి ఒక మూల్యం ఉంది. ఈ మూసిన పెట్టెలు ఎక్కువ పవర్ తాగుతాయి. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో డెసిబెల్స్‌లో చెప్తారు. ఇవి సుమారు 86 దగ్గరుంటే, క్లిప్ష్ హెరెసీ లాంటి హార్న్ స్పీకర్లు 96 దగ్గరుంటాయి. 10 డెసిబెల్స్ తేడా అంటే పది రెట్ల పవర్. మొదటిదానికి 50 వాట్లు కావాల్సిన చోట రెండోదానికి 5 చాలు. కాబట్టి ముందు స్పీకర్లు ఎంచుకోండి, తర్వాతే యాంప్లిఫయర్.

రెండో అంకె ఓమ్స్. స్పీకరు వెనక 8 అని ఉంటే చింత లేదు. ఏ.ఆర్.3ఏ లాంటి 4 ఓమ్స్ స్పీకర్లకి అంత కరెంటు ఇవ్వగల యాంప్లిఫయర్ కావాలి. 8 ఓమ్స్ జతలు రెండు ఒకేసారి మోగిస్తే, చాలా రిసీవర్లకి అదీ 4 ఓమ్స్ బరువే.

వాట్ల అంకెల్లో కూడా ఒక మెలిక ఉంది. 1974లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం వచ్చేదాకా కంపెనీలు ఇష్టమొచ్చిన అంకెలు వేసుకునేవి. ఆ తర్వాతి రిసీవర్ల అంకెలు ఎక్కువ నమ్మదగినవి. 1970ల చివరి పయొనీర్, మరాంజ్, యమహా రిసీవర్లలో 30 నుంచి 50 వాట్లున్నది మన లివింగ్ రూముకి సరిపోతుంది. పైగా వాటిలో ఫోనో ఇన్‌పుట్ ఉంటుంది కనక రికార్డ్ ప్లేయరుకి వేరే డబ్బా కొననక్కర్లేదు.

కొనేముందు గ్రిల్ తీసి చూడండి. కోన్ చుట్టూ ఉన్న అంచు ఫోమ్ అయితే ఏళ్ళు గడిచేసరికి పొడి పొడి అయిపోతుంది. అడ్వెంట్లలో ఇది మామూలే. అంచు మార్చే కిట్లు దొరుకుతాయి, ధర తగ్గించమని అడగండి. డైనకో ఏ-25కి రబ్బరు అంచు, పాత ఏ.ఆర్.లకి బట్ట అంచు. అవి ఎక్కువకాలం ఆగుతాయి. కోన్‌ని నాలుగు వేళ్ళతో సమంగా, మెల్లిగా నొక్కండి. గరగరమంటే లోపల కాయిల్ రాసుకుంటోందని అర్థం, వదిలేయండి. మూసిన పెట్టెలో కోన్ నిదానంగా వెనక్కొస్తే గాలి కారడం లేదన్నమాట.

బోస్ 901 కనిపిస్తే దాని ఈక్వలైజర్ డబ్బా కూడా ఉందా అని అడగండి. అది లేకుండా ఆ స్పీకర్లు సరిగ్గా పలకవు.

తెలిసిన పాట ఒకటి వెంట తీసుకెళ్ళండి. మృదంగం ఎడమ వైపు దెబ్బ గుండ్రంగా వినపడాలి, బుస్సుమని సాగకూడదు. తంబూరా జీర స్పష్టంగా లేకపోతే ట్వీటర్ దగ్గర చెవి పెట్టి చూడండి. అది చచ్చిపోయి ఉండొచ్చు.

పాత యాంప్లిఫయర్ ఇంటికి తెచ్చాక వెంటనే మంచి స్పీకర్లకి తగిలించకండి. స్పీకర్ తీగలు పెట్టేచోట మల్టీమీటరుతో డీసీ వోల్టేజి కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపుంటే సరే. వోల్టుల్లో ఉంటే స్పీకరు కాలిపోతుంది. దాన్ని రిపేరు తెలిసినవాళ్ళకే ఇవ్వండి. తీగ పీకేసినా కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది కనక మూత విప్పి చేతులు పెట్టకండి.

ఇండియా పంపాలనుకునేవారికి ఒక మాట: ఇక్కడ అమ్మినవి 120 వోల్టులకి చేసినవి, అక్కడ 230. తగిన ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గులో పెట్టకూడదు.

చివరిగా, ఖర్చులో కొంత రికార్డ్ ప్లేయరు కొత్త సూదికి ఉంచండి. అరిగిన సూది రికార్డుని కోసేస్తుంది. స్పీకర్లు మళ్ళీ దొరుకుతాయి కానీ, అమ్మానాన్నలు దాచుకున్న రికార్డు మళ్ళీ దొరకడం కష్టం.