విడిచిన చీరకు వెల ఎంత?

తారామణులు కట్టి విడిచిన చీర వేలానికి వస్తే లక్షలు పలుకుతుంది. మరి మీరూ నేనూ కట్టి విడిచిన చీరో? ఈ ప్రశ్న నాకు సరదాగా పుట్టలేదండీ. అవసరం పుట్టించింది!

నేను పత్రికలకు సినిమా వ్యాసాలు రాసి బతుకుతున్నదాన్ని. నెల జీతం లేదు. వ్యాసం అచ్చయిన రెండు నెలలకు చెక్కు... చెక్కు అనడం పాత అలవాటు లెండి, ఇప్పుడు నేరుగా బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఆలస్యం మాత్రం ఎక్కడికీ పోలేదు. కిందటి ఏడాది ఆషాఢంలో మా ఇంటివాళ్ళు ‘శ్రావణం రాగానే ఖాళీ చెయ్యండమ్మా, మా అబ్బాయి వస్తున్నాడు’ అన్నారు. హైదరాబాదులో ఇల్లు వెతకడం మాటలా? చివరికి యూసుఫ్‌గూడలో ఓ గది, ఓ వంటిల్లు దొరికాయి. అడ్వాన్సుకు పదిహేను వేలు తక్కువ పడ్డాయి. పైగా ఆ గదిలో నా బీరువా పట్టదు!

ఇక చేసేదేముంది? బీరువా తెరిచి అన్నీ మంచం మీద కుప్ప పోశాను. లెక్కపెడితే 61. అందులో సగం ఫలానా సినిమాలో హీరోయిన్ వేసుకుందని కొన్నవీ, ఆడియో ఫంక్షన్లకు వెళ్ళాలని కొన్నవీ. ఒకటి మాత్రం నాది కాదు. 1984లో మా అమ్మ పెళ్ళినాటి కంచి పట్టుచీర. మడతల దగ్గర చిట్లిపోయిందని అమ్మ దాన్ని నాకిచ్చి ‘ఏదో ఒకటి చెయ్యవే’ అని ఏనాడో వదిలేసింది.

తారల దుస్తుల సంగతి

సినిమా పత్రిక కనుక ముందు వాళ్ళ సంగతి చెప్పుకుందాం. 1970లో హాలీవుడ్‌లోని ఎం.జి.ఎం. సంస్థ తన గోడౌన్లు ఖాళీ చేస్తూ, ‘ఇవన్నీ ఎందుకు?’ అనుకున్న దుస్తులూ సామాన్లూ వేలం వేసింది. 1939 నాటి ‘విజార్డ్ ఆఫ్ ఆజ్’లో జూడీ గార్లండ్ వేసుకున్న ఎర్ర బూట్ల జత ఆ వేలంలో 15 వేల డాలర్లకు పోయింది. ‘సింగింగ్ ఇన్ ది రెయిన్’ కథానాయిక డెబ్బీ రేనాల్డ్స్ అప్పటినుంచీ స్టూడియోలు వద్దనుకున్న దుస్తులను కొని దాచడం మొదలుపెట్టారు. వాటితో ఓ శాశ్వత మ్యూజియం పెట్టాలని ఆవిడ ఆశ. ఆ ఆశ తీరలేదు. 2011లో ఆవిడే వాటిని వేలానికి పెట్టారు. ‘సెవెన్ ఇయర్ ఇచ్’ (1955)లో మార్లిన్ మన్రో వేసుకున్న తెల్ల గౌను పాట 46 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. కమీషను దానికి అదనం! ‘విజార్డ్ ఆఫ్ ఆజ్’ ఎర్ర బూట్లలోనే మరో జత 2024 డిసెంబరులో 2 కోట్ల 80 లక్షల డాలర్లు పలికింది.

మన దేశంలో కూడా దీపికా పదుకోన్ తన దుస్తులను ఆన్‌లైన్‌లో అమ్మి, ఆ సొమ్మును మానసిక ఆరోగ్యం కోసం తాను 2015లో స్థాపించిన సంస్థకు ఇచ్చారు. తార ఒంటి మీదకు వెళ్ళిన గుడ్డకు ధర పెరుగుతుంది. మన ఒంటి మీదకు వచ్చిన గుడ్డకు అదే క్షణంలో సగం ధర పడిపోతుంది. న్యాయమా అంటే న్యాయం కాదు. కానీ బజారు అంతే!

గుమ్మం ముందు బేరం

కుప్పలోంచి బాగా నలిగినవి 31 తీసి పక్కన పెట్టాను. ‘పాత బట్టలకు స్టీలు సామాన్లూ...’ అని కేక వేస్తూ వెళ్ళే ఆమెను పిలిచాను. ఆమె ఒక్కొక్క గుడ్డా దులిపి, వెలుతురుకు అడ్డంగా పట్టి చూసింది. ‘గీ చీర పట్టుకొని నేనేం జేస్త అక్కా? చినిగిపోయింది గద’ అంటూనే దాన్నీ మూటలో వేసుకుంది. గంటసేపు బేరం. చివరికి నాకు మిగిలింది ఓ స్టీలు డబ్బా, ఓ ప్లాస్టిక్ తొట్టి.

మోసపోయానా అనుకున్నాను గానీ, ఆమె పని చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఈ మూటల్లో పనికొచ్చేవాటిని ఏరి, ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ళీ అమ్ముతారు. పురానాపూల్ దగ్గర గురువారం నాడు జరిగే జుమ్మెరాత్ బజారులో ఇలాంటి పాత బట్టలు రాశులు పోసి ఉంటాయి. అసలు పనికిరానివి వర్క్‌షాపుల్లో చేతులు తుడుచుకునే గుడ్డలవుతాయి. హర్యానాలోని పానిపట్టులోనైతే పాత ఉన్ని బట్టలను పీచుపీచుగా చీల్చి, మళ్ళీ నూలు వడికి దుప్పట్లు నేస్తారు. మన విడిచిన బట్టకు మన గుమ్మం దాటాక ఎంత ప్రయాణం ఉందో!

పాత బట్టల షాపు

రెండో కుప్పలో 12. ఒకసారి వాడిన బట్టలను మళ్ళీ అమ్మిపెట్టే షాపు ఒకటి మా పక్క కాలనీలో ఉందని విని, వాటిని సంచిలో వేసుకుని వెళ్ళాను. యజమానురాలు మర్యాదస్తురాలు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నా బట్టలకు మాత్రం పరీక్ష పెట్టారు! ముందు చంకల కింద చూశారు. తర్వాత మెడ పట్టీ, జిప్పు, కుచ్చిళ్ళ అంచు చూశారు. అయిదు ఉంచుకుని ఏడు తిరిగిచ్చేశారు.

‘ఏమీ అనుకోకండి మేడమ్. చెమ్కీ పని ఎక్కువైంది. ఆరేళ్ళనాటి ఫ్యాషను’ అన్నారావిడ.

ఆరేళ్ళకే పాతబడిపోయాయన్నమాట! సరే, పద్ధతి ఏమిటంటే... వస్తువు అమ్ముడయ్యాకే డబ్బు. నూటికి నలభై వాళ్ళకు, అరవై మనకు. మూడు నెలల్లో పోకపోతే తిరిగి తెచ్చుకోవాలి. నెల తిరిగేసరికి మూడు అమ్ముడై నా వాటా రూ. 1,860 వచ్చింది. ఇలాంటి షాపుకు వెళ్ళేవాళ్ళు రసీదు మీద ప్రతి వస్తువూ, దాని ధరా రాయించుకోండి. నేను రాయించుకున్నాను కనుకే చివర్లో మాట తేడా రాలేదు.

సెల్‌ఫోన్‌లో సంత

మూడో కుప్పలో 9. ఇవి ఆన్‌లైన్‌లో పెట్టాలనుకున్నాను. రాత్రి ట్యూబ్‌లైటు కింద ఫొటోలు తీసి పెడితే, మెరూన్ చీర వక్కపొడి రంగులో కనిపించింది. మూడు రోజులు ఒక్కరూ పలకరించలేదు. నాలుగో రోజు ఒకాయన మెసేజి పెట్టాడు. ‘నేను ఆర్మీలో పనిచేస్తున్నాను. బేరమాడను. మీరు చెప్పిన ధరకే మూడూ తీసుకుంటాను. కోడ్ పంపుతున్నాను, స్కాన్ చేసి పిన్ నొక్కండి, డబ్బు మీకు వచ్చేస్తుంది’ అని. ఎంత సంబరపడ్డానో! వేలు పిన్ మీదకు వెళ్ళింది కూడా. ఇంతలో గుర్తొచ్చింది, డబ్బు పుచ్చుకోవడానికి పిన్ ఎందుకు? పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికే కదా! ఫోను కింద పెట్టేసి పది నిమిషాలు అలాగే కూర్చుండిపోయాను. అడ్వాన్సు కోసం కూడబెట్టిన డబ్బంతా ఆ ఖాతాలోనే ఉంది మరి. అమ్మేవాళ్ళందరూ ఇదొక్కటి గుర్తుంచుకోండి. ఒకవేళ పొరపాటు జరిగిపోతే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోను చెయ్యండి.

తర్వాత పద్ధతి మార్చాను. ఉదయం ఎనిమిదింటికి కిటికీ పక్కన ఫొటోలు తీశాను. చుడీదారుకు ఛాతీ, నడుము, పొడవు టేపుతో కొలిచి అంగుళాల్లో రాశాను. చీరకు ఫాల్, పీకో అయ్యాయో లేదో, జాకెట్టు గుడ్డ ఉందో లేదో రాశాను. ముఖ్యంగా లోపం ఎక్కడుందో దానికే విడిగా ఫొటో తీసి పెట్టాను. ‘కొంగు దగ్గర చిన్న పసుపు మరక ఉంది’ అని రాసిన చీరే అన్నిటికంటే ముందు పోయింది! నిజం చెప్పినవాళ్ళ దగ్గర కొనడానికి జనం వెనుకాడరు. పార్సెల్ కట్టేటప్పుడు వీడియో తీసిపెట్టుకున్నాను. ఆరు అమ్ముడయ్యాయి, రూ. 5,400. అయిదు పార్సెళ్ళ ఖర్చు 540 పోను మిగిలింది 4,860.

ఆరోదానికి పార్సెల్ ఎందుకు లేదంటారా? ఆ అమ్మాయే స్వయంగా వచ్చింది.

కృష్ణానగర్ అమ్మాయి

పాతికేళ్ళుంటాయి. కృష్ణానగర్‌లో ఉంటుందట, జూనియర్ ఆర్టిస్టు. 850 రూపాయల సీసా ఆకుపచ్చ చీర తీసుకుని, మూల ఉన్న సంచి వైపు చూసింది. షాపువాళ్ళు తిప్పి పంపిన ఏడూ అందులోనే ఉన్నాయి.

‘అక్కా, అవి చూడొచ్చా?’

‘అవి పాత ఫ్యాషనమ్మా. చెమ్కీ ఎక్కువ’ అన్నాను.

‘కెమెరాకు చెమ్కీయే కావాలక్కా! పెళ్ళి సీను, పార్టీ సీను అంటే మంచి చీర ఉన్నవాళ్ళనే ముందు వరసలో నిలబెడతారు. నలిగిన చీరతో వెళ్తే వెనక్కి తోసేస్తారు. కొత్తవి కొనాలంటే నావల్ల అవుతుందా?’

మూడు ఏరుకుంది. బేరమాడింది. 2,500కు కుదిరింది. పాతబడిపోయాయన్న చీరలు ఆమెకు పనిముట్లు! వాటిని సంచిలో సర్దుకుంటుంటే ఆమె ముఖంలో వెలుగు చూశాను. నేను వాటిని కొన్నప్పుడు కూడా అంత ఆనందపడలేదు.

అమ్మ చీర

అప్పటికి చేతిలో రూ. 9,220. ఇంకా 5,780 కావాలి. ఇల్లు మారడానికి నాలుగు రోజులే ఉంది. అప్పుడు వినిపించింది వీధిలో... ‘పాత పట్టుచీరలు కొంటాం!’

అతను అమ్మ చీర అంచులోంచి రెండు దారాలు లాగి అగ్గిపుల్లకు చూపించాడు. ప్లాస్టిక్ జరీ అయితే కరిగి ముద్దకడుతుంది. ఇది కట్టలేదు. అసలు జరీ అంటే పట్టు దారానికి చుట్టిన సన్నని వెండి తీగ, దాని మీద బంగారు పూత. ‘మంచి జరీ అమ్మా. 9,500 ఇస్తాను’ అన్నాడు. వాళ్ళు చీరను కాల్చి అందులోని వెండి తీస్తారు. ఆ సంగతి తెలిసే తెనాలికి ఫోను చేశాను.

‘అమ్మెయ్యవే. నేను కట్టను, నువ్వూ కట్టవు. చీరకంటే గూడు ముఖ్యం కదా’ అంది అమ్మ. ఒక్క క్షణం ఆగి, ‘కొంగు మాత్రం కోసి ఉంచు’ అంది.

ఆ మాట చెబితే అతను నవ్వాడు. ‘కొంగులోనే కదమ్మా జరీ అంతా! అది లేకపోతే 5,800’ అన్నాడు.

3,700 రూపాయల తేడా! నా పరిస్థితిలో అది చిన్న మొత్తం కాదు. కత్తెర పట్టుకుని ఆలోచించాను. అడ్వాన్సు పోను చేతిలో ఇరవై రూపాయలు మిగులుతాయి. సామాన్లు మోసే ఆటోకు మళ్ళీ అప్పు చెయ్యాలి. అయినా కొంగు కోశాను. అతను మిగతా చీర మడిచి మూటలో వేసుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. అతని దృష్టిలో అది వెండి. అమ్మ దృష్టిలో ఏమిటో నేను అడగలేదు. అమ్మా చెప్పలేదు. ఇప్పుడు ఆ కొంగు తెనాలిలో, అమ్మ చదువుకునే రామాయణానికి చుట్టి ఉంది.

శ్రావణంలో ఇల్లు మారాను. బీరువా కూడా అమ్మేశాను. మిగిలిన బట్టలకు ఓ పెట్టె చాలింది.

మొన్నీమధ్య ఓ కొత్త సినిమాకు వెళ్ళాను. పెళ్ళి సీను వచ్చింది. హీరోయిన్ పక్కన, ముందు వరసలోనే, సీసా ఆకుపచ్చ చీర! రెండు క్షణాలే. అక్షింతలు వేసి పక్కకు తప్పుకుంది. నా పక్క సీటులో ఉన్నావిడ భర్తను మోచేత్తో పొడిచి, ‘ఆ ఆకుపచ్చ చీర చూశారా, ఎంత బావుందో! మూడు వేలకు తక్కువుండదు’ అంది.

నేను నోరు మెదపలేదు.