తులసిదళం: వైద్యం గెలిచిందా, మంత్రం గెలిచిందా?



మన కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందుచేత యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ నవలను మీలో కొందరు తెలుగులోను, మరికొందరు తమిళ అనువాదంలోను చదివి ఉంటారు. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, పాఠకులను వారం వారం భయపెట్టిన నవల అది.

చదవనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. తులసి ఒక చిన్నపిల్ల. ఆమెకు రావలసిన డబ్బు కోసం ఆమె మీద ‘కాష్మోరా’ అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. పిల్ల మంచం పడుతుంది. ఒక పక్క డాక్టర్లు, మరో పక్క మంత్రాన్ని మంత్రంతోనే తిప్పికొట్టాలనేవాళ్లు. గడువు దగ్గరపడుతూ ఉంటుంది. చివరికి పిల్లను కాపాడింది ఎవరు? రెండు ప్రయత్నాలూ కలిసే సాగుతాయి గనుక పాఠకుడు ఏ వైపైనా మొగ్గవచ్చు.

అమెరికాలో విలియం పీటర్ బ్లాటీ 1971లో రాసిన ‘ది ఎగ్జార్సిస్ట్’ నవలలో కూడా ఇలాంటి పోరాటమే ఉంది. అక్కడా తల్లి బిడ్డను మొదట డాక్టర్ల దగ్గరికే తీసుకుపోతుంది. తర్వాత వచ్చే మతగురువు స్వయంగా మానసిక వైద్యుడు కూడా. సందేహం ఎంత సేపు నిలిస్తే ఉత్కంఠ అంత సేపు నిలుస్తుంది. నవలకు అది బలం. కాని ఆ సందేహం పుస్తకం దాటి ఇంట్లోకి వస్తే ఏమవుతుంది? రంగనాయకమ్మ గారు ఈ నవల మీద రాసిన విమర్శకు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని పేరు పెట్టడం ఊరికే కాదు.

ఒకసారి మా తరగతిలో ఒక పిల్లకు మూర్ఛ వచ్చింది. ఎవరో పరుగున వచ్చి చేతిలో ఇనుప తాళంచెవుల గుత్తి పెట్టారు. రెండు నిమిషాల్లో పిల్ల తేరుకుంది. సాయంత్రం తల్లి వచ్చి, “సార్, ఎవరో సెయ్‌వినై చేసినారంటారు. మంత్రించుకొని వస్తే సరిపోతుందా?” అని అడిగింది.

ఆ ఇనుము పనిచేసిందా? లేదండీ. మూర్ఛ సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే ఆగుతుంది. ఆగే వేళకు చేతిలో ఏది ఉంటే పేరు దానికి దక్కుతుంది. తులసిదళం చిక్కుముడి కూడా ఇదే. రెండు పనులు ఒకే వేళ జరిగితే, ఏది కారణమో కంటితో చూసి చెప్పలేము.

మరి ఎలా తెలుసుకోవాలి? అగ్గిపుల్లను చూడండి. మన ఊళ్లకు ఇది కొత్త కాదు. పుల్ల తలకు పొటాషియం క్లోరేటు ఉన్న మందు, పెట్టె పక్కన ఎర్ర భాస్వరం. ఆ పుల్లను గోడకు రాయండి, అంటుకోదు. పెట్టెకు రాయండి, అంటుకుంటుంది. అంటే ఒకదాన్ని తీసేసి చూస్తే కారణం బయటపడుతుంది. తాళంచెవి తీసేసినా మూర్ఛ ఆగుతుంది. మందుల సంగతి అలా కాదు. సరైన మందులు క్రమంగా వాడితే మూర్ఛ రోగుల్లో 100కి 70 మంది వరకు మూర్ఛలు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క మాట. మాత్రలు మానేసి ఈ పరీక్ష మీరు చేయకండి. వైద్యులు ఇదివరకే చేసి చూశారు. ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛ మరింత గట్టిగా తిరిగి రావచ్చు.

మూర్ఛ వచ్చినవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. కాళ్లూ చేతులూ గట్టిగా పట్టుకోకండి. 5 నిమిషాలు దాటితే ఆలస్యం లేకుండా 108కి ఫోన్ చేయండి. విరుదునగర్‌లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1954 నాటి మందులు, మాయచికిత్సల చట్టం తాయెత్తును, మంత్రాన్ని, కవచాన్ని మాయచికిత్సల్లో చేర్చింది. వాటితో మూర్ఛ నయమవుతుందని ప్రకటన ఇవ్వడం నేరం.

అయితే అమ్మవారికి మొక్కుకోవద్దా అంటారేమో. ఆ తల్లీ అదే అడిగింది. “మొక్కుకోమ్మా, వద్దని ఎవరన్నారు? కోవిల్‌పట్టి సెంబగవల్లి అమ్మన్ గాని, విరుదునగర్ మారియమ్మ గాని మాత్ర మానమని ఎన్నడూ అడగలేదు. మానమనేవాడు మంత్రగాడు” అన్నాను. భక్తి మనసుకు ధైర్యం ఇస్తుంది. మంత్రగాడు ముందు భయం పెట్టి, తర్వాత ఆ భయానికే వెల కడతాడు. శాస్త్రానికి తగవు భక్తితో కన్నా ఆ భయంతోనే ఎక్కువ.

తులసిదళం మళ్లీ చదవండి. రాత్రిపూట చదివి భయపడండి, తప్పు లేదు. నవలలో తులసి బతకాలని రచయిత ముందే నిర్ణయించుకోవచ్చు. మన ఇంటి తులసికి అలా రాసిపెట్టేవాళ్లు లేరు. తెల్లవారగానే ఆమెను ఆస్పత్రికి తీసుకువెళ్లవలసింది మనమే.