శివారులోని పాత కాలనీలో ఇల్లు కొనడం

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్న సామెత మీరు వినే ఉంటారు. కట్టే శ్రమ పడలేక చాలామంది కట్టిన ఇంటినే కొంటారు. కొనడం తేలిక అనిపిస్తుంది. కాని పది, ఇరవై సంవత్సరాల పొదుపు, దానికి తోడు బ్యాంకు అప్పు ఒక్క రోజులో చేతులు మారుతాయి. ఆనాడు జరిగిన పొరపాటును తరువాత సరిదిద్దుకోవడం చాలా కష్టం. అందువల్ల కొనడానికి ముందే తెలుసుకోవలసిన విషయాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పాత కాలనీలో ఉండే సౌకర్యాలను, ఇబ్బందులను గుర్తించగలుగుతారు.
• ఇంటి దస్తావేజులను వరుసలో పెట్టి, ఎక్కడ లోపం ఉందో చెప్పగలుగుతారు.
• స్థలాన్ని కొలిచి దస్తావేజుతో సరిపోల్చగలుగుతారు.
• విక్రయ ఒప్పందానికి, విక్రయ దస్తావేజుకు గల తేడాను వివరించగలుగుతారు.

1. శివారు కాలనీ ఎలా ఏర్పడింది?

హైదరాబాద్‌ను ఉదాహరణగా తీసుకుందాం. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., కుషాయిగూడ వైపు ఇ.సి.ఐ.ఎల్. వంటి కర్మాగారాలు వచ్చిన తరువాత వాటి చుట్టూ నివాస ప్రాంతాలు పెరిగాయి. కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కాలనీ వెలసింది. ఉద్యోగుల సహకార గృహ నిర్మాణ సంఘాలు భూములు కొని, లేఅవుట్లు వేసి, సభ్యులకు ప్లాట్లు పంచాయి. ఒకనాటి పొలాలు ఈ విధంగా కాలనీలుగా మారాయి.

2007లో ఎల్.బి. నగర్, ఉప్పల్, కాప్రా, కూకట్‌పల్లి మొదలైన 12 పురపాలక సంఘాలను నగరంలో కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. అందువల్ల ఒకే ఇంటికి సంబంధించిన కాగితాలలో గ్రామ పంచాయతీ, పురపాలక సంఘం, నగరపాలక సంస్థ మూడూ కనిపించవచ్చు. తొలి దస్తావేజులో సర్వే నంబరు, ప్లాట్ నంబరు మాత్రమే ఉండి, ఇంటి నంబరు ఆ తరువాత వచ్చి ఉండవచ్చు. ఆ కాగితాలన్నీ మీరు చూస్తున్న ఇంటివేనా అని నిర్ధారించుకోవడం మొదటి పని.

2. కంటితో చూడవలసినవి

కొత్త లేఅవుట్‌లో రోడ్డు, నీరు, బడి అన్నీ రాబోయేవే. పాత కాలనీలో అవి ఉన్నాయో లేవో వెళ్లి చూడవచ్చు. ఇది పాత కాలనీకి గల పెద్ద అనుకూలత. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, వర్షం కురిసిన మరునాడు మరొకసారి వెళ్లండి. ఈ క్రింది విషయాలను గమనించండి.

నీరు: కుళాయి నీరు ఎన్ని రోజులకు ఒకసారి, ఎంతసేపు వస్తుంది? ఎండాకాలంలో బోరు ఎండిపోతుందా? ట్యాంకరు తెప్పించవలసి వస్తుందా?

వరద: 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు హైదరాబాద్‌లో చెరువుల దిగువన, నాలాల పక్కన ఉన్న అనేక కాలనీలలో ఇళ్లలోకి నీరు చేరింది. అప్పుడు ఈ వీధిలో నీరు ఎంత ఎత్తు వచ్చిందో ఇరుగుపొరుగును అడగండి. స్థలం చెరువు శిఖం భూమిలో లేదని అధికారుల వద్ద నిర్ధారించుకోండి.

రోడ్డు ఎత్తు: పాత రోడ్డుపైనే మళ్లీ మళ్లీ రోడ్డు వేయడం వల్ల కొన్ని ఇళ్ల గచ్చు రోడ్డు కంటే పల్లం అవుతుంది. వాన నీరు వాకిట్లోకి, మురుగునీరు స్నానాల గదిలోకి వెనక్కి తన్నుతుంది.

కట్టడం: స్లాబు పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయా? గోడలకు చెమ్మ, తలుపులకు చెదలు ఉన్నాయా? ఇటీవలే రంగులు వేసిన ఇంటిని మరింత శ్రద్ధగా చూడాలి.

అమ్మే వ్యక్తి చెప్పని సంగతులు కిరాణా కొట్టు యజమాని, ఇస్త్రీ చేసేవారు, పక్కింటి అద్దెదారు చెప్పగలరు. అడగడానికి మొహమాటపడవద్దు.

3. కాగితాలలో చదవవలసినవి

ఇల్లు కంటికి కనిపిస్తుంది, దానిపై హక్కు కనిపించదు. అది దస్తావేజుల వరుసలో ఉంటుంది. ఇల్లు ఎంత పాతదైతే ఆ వరుస అంత పొడవుగా ఉండవచ్చు. ఒక ఊహా ఉదాహరణ చూడండి.

1984: లేఅవుట్ యజమాని ఒక ఉద్యోగికి ప్లాటు అమ్మాడు.
1996: ఆ ఉద్యోగి ఇల్లు కట్టి, మరొకరికి అమ్మాడు.
2011: కొన్న వ్యక్తి వీలునామా రాయకుండా మరణించాడు.
ఇప్పుడు: అతని పెద్ద కుమారుడు ఇల్లు అమ్ముతానంటున్నాడు. ఇంటి పన్ను రసీదు అతని పేరున ఉంది.

ఇక్కడ రెండు చోట్ల ఆగి ఆలోచించాలి.

మొదటిది, 1996 నాటి అమ్మకం. ఆస్తి బదిలీ చట్టం, 1882 ప్రకారం రూ. 100, అంతకు మించిన విలువ గల ఇంటి అమ్మకం రిజిస్టరు చేసిన దస్తావేజు ద్వారానే జరగాలి. ఆనాడు విక్రయ ఒప్పందం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జి.పి.ఎ.) మాత్రమే రాసుకొని ఉంటే హక్కు బదిలీ కాలేదు. జి.పి.ఎ. అమ్మకాలు యాజమాన్య హక్కును ఇవ్వవని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అటువంటప్పుడు అసలు యజమాని నుండి గాని, అతని వారసుల నుండి గాని రిజిస్టరు దస్తావేజు ముందుగా పొందవలసి ఉంటుంది.

రెండవది, 2011 నాటి మరణం. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేకుండా మరణించిన పురుషుని స్వార్జిత ఆస్తిలో భార్య, కుమారులతో పాటు కుమార్తెలకు, తల్లికి కూడా సమాన వాటా ఉంటుంది. పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన కుమార్తె హక్కు పోదు. కనుక పెద్ద కుమారుని సంతకం ఒక్కటే చాలదు, వారసులందరూ సంతకం చేయాలి. వారసులలో మైనరు ఉంటే ఆ వాటా అమ్మకానికి కోర్టు అనుమతి అవసరం. ఇతర మతస్థులకు వారి వారి వారసత్వ చట్టాలు వర్తిస్తాయి.

ఇంటి పన్ను రసీదు పన్ను ఎవరు కడుతున్నారో చెబుతుంది, యజమాని ఎవరో నిర్ణయించదు.

ఈ.సి.: సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఈ పత్రంలో ఆ ఆస్తిపై రిజిస్టరు అయిన అమ్మకాలు, తాకట్లు కనిపిస్తాయి. మన ఉదాహరణలో 1984 నుండి తీసుకోవాలి. పాత సంవత్సరాల వివరాలు కంప్యూటరులో లేకపోతే కార్యాలయంలోని పుస్తకాలలో వెతికించాలి. రిజిస్టరు కాని వీలునామాలు, కోర్టు వివాదాలు, పన్ను బకాయిలు ఈ.సి.లో సాధారణంగా కనిపించవు. వాటికోసం న్యాయవాదిని సంప్రదించాలి.

4. స్థలం కొలవడం

దస్తావేజు చివర నాలుగు దిక్కుల హద్దులు, కొలతలు ఉంటాయి. దీనినే చెక్కుబందీ అంటారు. టేపు తీసుకొని మీరే కొలవండి. 9 చదరపు అడుగులు ఒక చదరపు గజం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలం 1,800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు. కొలతలో తేడా వస్తే రోడ్డు వెడల్పులో పోయిందా, పక్కింటి గోడ లోపలికి జరిగిందా అన్నది ధర మాట్లాడక ముందే తేల్చుకోవాలి.

5. బయానా నుండి రిజిస్ట్రేషన్ వరకు

కాగితాలు సరిచూసిన తరువాతనే బయానా ఇవ్వండి. విక్రయ ఒప్పందం అంటే అమ్ముతానన్న మాట మాత్రమే. దానివల్ల ఇల్లు మీది కాదు. మొత్తం ధర, గడువు, పత్రాలలో లోపం బయటపడితే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతు అందులో రాయించండి. డబ్బు బ్యాంకు ద్వారానే చెల్లించండి. ఇంటి అమ్మకం కింద రూ. 20,000, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుండి నిషేధించింది.

బ్యాంకు ఇంటి విలువ మొత్తానికి అప్పు ఇవ్వదు. స్టాంపు రుసుము, మరమ్మతుల ఖర్చు కూడా ముందే లెక్క వేసుకోండి. స్టాంపు రుసుము రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

విక్రయ దస్తావేజుపై సంతకాలు అయిన నాలుగు నెలలలోగా రిజిస్ట్రేషనుకు దాఖలు చేయాలి. రిజిస్ట్రేషన్ అయిన తరువాత ఇంటి పన్ను, కరెంటు, నీటి కనెక్షన్లు మీ పేరున మార్పించుకోండి. పాత దస్తావేజుల అసలు ప్రతులను అడిగి తీసుకోండి.

6. కాలనీలో కలసి మెలగడం

పాత కాలనీలో ఇరవై, ముప్పై ఏళ్లుగా కలసి ఉంటున్న కుటుంబాలు ఉంటాయి. సంక్షేమ సంఘం ఉంటే పార్కు, వీధి దీపాలు, మురుగు కాలువల వంటి పనులు కలసి అడిగి చేయించుకుంటారు. కొత్తగా వచ్చినవారు సంఘంలో చేరడం, ఇంటి మరమ్మతుల ఇసుక, కంకర దారికి అడ్డం వేయకపోవడం మంచి ఆరంభం.

మీరు నేర్చుకున్నది

• పాత కాలనీలో సౌకర్యాలను ముందే చూడవచ్చు, కాని దస్తావేజుల వరుస పొడవుగా ఉంటుంది.
• వరుసలో ఒక్క దస్తావేజు చెల్లకపోయినా అమ్మేవారి హక్కు అనుమానంలో పడుతుంది.
• వారసులందరి సంతకాలు అవసరం.
• పరిశీలన ముందు, బయానా తరువాత.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. ఇంటి పన్ను రసీదు ఉన్న వ్యక్తి యజమాని అని చెప్పవచ్చా?
2. దస్తావేజులో 200 గజాలు ఉంది. కొలిస్తే 30 అడుగులు, 57 అడుగులు వచ్చింది. గజం ధర రూ. 40,000 అయితే ఎంత నష్టం?
3. ఈ.సి.లో కనిపించని రెండు అంశాలు రాయండి.

కృత్యం: మీ ఇంటి దస్తావేజును గాని, తెలిసినవారి దస్తావేజును గాని వారి అనుమతితో చదవండి. చెక్కుబందీని ఒక కాగితంపై పటంగా గీయండి.

జవాబులు

1. చెప్పలేము.
2. 1,710 చదరపు అడుగులు, అంటే 190 గజాలు. 10 గజాలు తక్కువ, నష్టం రూ. 4,00,000.
3. రిజిస్టరు కాని వీలునామా, కోర్టు వివాదం.